పరాన్నజీవి.. ఎవరి అన్నం తింటోంది?

గోదావరి డెల్టాలోని ఒక ఊళ్లో రావిచెట్టు కింద రైతుల సమావేశం జరుగుతోంది. వరిలో కాండం తొలిచే పురుగు గురించి ఏవో గారు చెబుతున్నారు. "కనిపించిన మందల్లా కొట్టకండి. చేలో ట్రైకో కార్డులు కట్టండి. వాటిలోంచి పరాన్నజీవులు బయటికొచ్చి వాటి పని అవి చూసుకుంటాయి" అన్నారు. వెనక వరుసలో కూర్చున్న ఓ పెద్దాయన తువ్వాలు దులుపుకుని లేచాడు.

"ఏమండీ ఏవో గారూ! పోయిన నెలలో పశువుల డాక్టరు గారొచ్చి, గేదె కడుపులో పరాన్నజీవులున్నాయి, నట్టల మందు తాగించమన్నారు. తాగించాం. ఇప్పుడు మీరేమో ఆ పరాన్నజీవుల్నే డబ్బులిచ్చి కొనుక్కొచ్చి చేలో వదలమంటున్నారు. ఒకాయన చంపమంటాడు, ఇంకొకాయన పెంచమంటాడు. ఇదెక్కడి లెక్కండీ?"

అందరూ నవ్వారు. ఏవో గారూ నవ్వారు. కానీ పెద్దాయన అడిగింది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. పరాన్నజీవి అనగానే చీడ అనీ, పీడ అనీ మనం అనుకోవడానికి అలవాటు పడ్డాం. ఆ అలవాటు వల్లే కొందరు కార్డులు తెచ్చి కూడా చూరులో పెట్టి మరిచిపోతారు. మరికొందరు ఉదయం కార్డు కట్టి సాయంత్రం పురుగుమందు కొడతారు. అందుకే ఈ వారం ఆ మాట సంగతేమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో, మన చేలల్లో దాని బతుకు ఎలా ఉంటుందో చూద్దాం.

మాటలోనే ఉన్న అన్నం

పరాన్నజీవి అంటే విడదీసి చూడండి. పర, అన్న, జీవి. ఇతరుల అన్నం తిని బతికేది అని అర్థం. అంతే. చెడ్డది అని గానీ, చంపేది అని గానీ ఆ మాటలో ఎక్కడా లేదు. హిందీ వాళ్లు 'పరజీవి' అని ఊరుకున్నారు, అన్నం ఊసెత్తలేదు. తమిళంలో 'ఒట్టుణ్ణి' అంటారు, అంటుకుని తినేది అని. తమిళం మాట ఎలా తింటుందో చెబుతుంది. మన మాట ఎవరిది తింటుందో చెబుతుంది. రైతుకు కావలసింది మన మాటే అని నాకనిపిస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ మాటకు ఇంకో జత మాట ఉంది. పరాన్నజీవి ఎవరి మీద బతుకుతుందో ఆ ప్రాణిని మన సైన్సు పుస్తకాల్లో 'ఆతిథేయి' అంటారు. అతిథిని ఆదరించి అన్నం పెట్టే గృహస్థు అన్నమాట. పేను ఎక్కిన తల, జలగ పట్టిన కార్జం, మల్లె లేచిన పొగాకు మొక్క అన్నీ ఆతిథేయులే. పిలవని పేరంటానికి వచ్చి తిష్ట వేసినవాడికి అన్నం పెట్టే ఇల్లాలిని గౌరవంగా పిలిచినట్టుంది.

గ్రీకుల గుడిలో పుట్టిన పేరు

ఇంగ్లీషులో పారసైట్ అంటారు కదా, ఆ మాట అక్కడ పుట్టింది కాదు. గ్రీకులో పుట్టి, లాటిన్ మీదుగా వచ్చింది. గ్రీకులో 'పారాసిటోస్'. పారా అంటే పక్కన. సిటోస్ అంటే ధాన్యం, ఆ ధాన్యంతో చేసిన తిండి కూడా. తిండి దగ్గర పక్కన కూర్చున్నవాడు అని అర్థం. చూశారా, అక్కడ కూడా మాట మధ్యలో అన్నమే ఉంది.

అసలు విశేషం ఏమిటంటే, మొదట్లో అది తిట్టు కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అథినేయస్ అనే గ్రీకు రచయిత విందు భోజనాల మీద పెద్ద గ్రంథం రాశాడు. పూర్వం పారాసిటోస్ అనేది పవిత్రమైన, గౌరవమైన పదవి అని అందులో చెబుతాడు. ఏథెన్సులో హెరాక్లిస్ దేవుడి గుడిలాంటి చోట్ల దేవుడి పేర వచ్చే ధాన్యం వ్యవహారం చూసేవాళ్లు, పూజారితో పాటు కూర్చుని గుడి భోజనం చేసేవాళ్లు పారాసిటోయ్. మన దేవాలయ మాన్యాల ధాన్యం లెక్కలు చూసి ప్రసాదం తిన్న పెద్దమనుషుల లాంటి వాళ్లు.

తర్వాత ఆ పేరు నాటకాల వాళ్ల చేతిలో పడింది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అలెక్సిస్ అనే ఆయన ఆ పేరుతోనే ఒక హాస్య నాటకం రాశాడు. డబ్బున్న వాడి పక్కన చేరి, వాడు నవ్వితే నవ్వి, వాడు తిడితే పడి, పూట గడుపుకునే పాత్ర అది. అలాంటి పాత్రలు లేకపోతే హాస్య నాటకమే లేదన్నంతగా అలవాటైపోయాయి. తరవాత రోమ్ వాళ్లూ అదే పాత్రను ఎత్తుకున్నారు. గుడి ధాన్యం చూసినవాడి పేరు తేరగా తినేవాడికి వచ్చి చేరింది. మాటకు పట్టిన ఈ గతి చూస్తే జాలేస్తుంది.

16వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషులో దిగినప్పుడు కూడా మనుషులకే వాడారు. చెట్ల మీద మొలిచి బతికే మొక్కలకు వాడడం 17వ శతాబ్దంలో మొదలైంది. అక్కణ్ణుంచి పేలకూ, నల్లులకూ, కడుపులో పాములకూ పాకింది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి చూసినప్పుడు కనిపించిన మలేరియా క్రిమి కూడా ఈ పరాన్నజీవుల కోవలోదే.

ఒకే బంతిలో ముగ్గురు

ఇలా ఎవరికి పడితే వాళ్లకు ఈ పేరు పెట్టేస్తుంటే, బెల్జియం శాస్త్రవేత్త వాన్ బెనెడన్‌కు సరిపడలేదు. కలిసి బతికేవన్నీ దొంగలు కావన్నాడు. 1875లో అచ్చయిన పుస్తకంలో ఆయన వీటిని మూడు రకాలుగా విడదీశాడు. ఒకదానికొకటి సాయం చేసుకునేవి ఒక రకం. పక్కన కూర్చుని మిగిలింది తిని, ఇంటివాడికి నష్టం లేకుండా పోయేవి రెండో రకం. వీటికి ఆయన వాడిన మాటకు ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు అని అర్థం. మనం ఒకే బంతిలో కూర్చున్నవాళ్లు అంటాం. ఇంటివాడి కంచంలోంచే లాక్కుని తినేవి మూడో రకం. అవీ పరాన్నజీవులు.

1879లో జర్మన్ శాస్త్రవేత్త డి బారీ ఈ మూడింటినీ కలిపి, వేరువేరు జాతులు కలిసి బతకడం అనే ఒకే గొడుగు కిందికి తెచ్చాడు. గోధుమ కుంకుమ తెగులు రెండు వేరు వేరు మొక్కల మీద బతుకుతుందని తేల్చింది ఆయనే. పరాన్నజీవనం కూడా ఒక సహజీవనమే అన్నది ఆయన లెక్క. ఇప్పుడు సహజీవనం అనగానే మంచి కాపురమే అనుకుంటున్నాం గానీ, ఆయన ఉద్దేశంలో కష్టాల కాపురం కూడా అందులో ఉంది.

ఇక్కడ రైతు గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. గరిక, తుంగ వంటి కలుపు మొక్కలు పరాన్నజీవులు కావు. అవి కూడా పైరుతో పాటు అదే నేలలో ఎరువు, నీరు పీల్చుకుంటాయి. అది వాటాల తగాదా. నేల జోలికి పోకుండా, పైరు పీల్చి వండుకున్న దాన్ని పైరు ఒంట్లోంచే తోడుకునేది పరాన్నజీవి. తోడుకోవడానికి అది పైరులోకి దింపే భాగానికి శాస్త్రవేత్తలు లాటిన్‌లో పెట్టిన పేరుకు నీళ్లు తోడేది అని అర్థం. తెలుగు పుస్తకాల్లో చూషకం అంటారు. పక్కవాడి బోరు గొట్టానికి రాత్రికి రాత్రి అడ్డ గొట్టం వేసి నీళ్లు మళ్లించుకోవడం లాంటిదే ఇది.

పేరు మల్లె, పని దొంగతనం

మన రాష్ట్రాల్లో ఈ గొట్టం దెబ్బ బాగా తెలిసినవాళ్లు పొగాకు రైతులు. పొగాకు మల్లె, కొన్ని చోట్ల బోడు అంటారు. ఆకు ఉండదు, పచ్చదనం ఉండదు. పొగాకు నాటిన నెలా నెలన్నరకు మొదలు దగ్గర పాలిపోయిన మొలకలు పైకి పొడుచుకొస్తాయి. పచ్చదనం లేదు కాబట్టి ఎండతో వండుకోవడం దానికి చేతకాదు. ప్రతి చుక్కా పొగాకు వేరులోంచి రావాల్సిందే. ఇలాంటి వాటిని సంపూర్ణ పరాన్నజీవులు అంటారు.

జొన్నలో వచ్చే మల్లె వేరు రకం. దాన్ని స్ట్రైగా అంటారు. మన దగ్గర తెల్ల పూలు పూస్తుంది. పచ్చటి ఆకులుంటాయి. చూసేవాడికి మామూలు కలుపు మొక్కలాగే అమాయకంగా కనిపిస్తుంది. కొంత తిండి సొంతంగా వండుకుంటుంది, నీళ్లూ ఉప్పులూ మాత్రం జొన్న వేరు నుంచే లాగుతుంది. సగం దొంగ. మొక్కజొన్న, సజ్జ, చెరకు మీద కూడా వస్తుంది. నేలలో తడి ఉన్నా జొన్న ఆకులు మెలితిరిగి, బెట్టకు వచ్చినట్టు కనిపిస్తే వేరు దగ్గర తవ్వి చూడండి.

రెండు మల్లెలకూ ఒకే బలం, విత్తనం. ఒక్క పొగాకు మల్లె మొక్క లక్షకు పైగా విత్తనాలు రాలుస్తుంది. అవి దుమ్ములాంటివి, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. గాలికి, నీటికి, నాగలికి, చెప్పులకు అంటుకుని పక్క చేలో దిగుతాయి. పైరు దొరక్కపోతే పదేళ్లు దాటినా నేలలో నిద్రపోతాయి. ఇంత చిన్న గింజలో పొదుపు చేసుకున్న తిండి ఏమీ ఉండదు. మొలిచిన కొద్ది రోజుల్లో వేరు దొరక్కపోతే చచ్చిపోతుంది. మరి పక్కనే వేరు ఉందని ఆ గింజకు ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు పత్తి చేలో దొరికింది. 1966లో అమెరికా శాస్త్రవేత్తలు పత్తి వేరు నుంచి ఊరే ఒక పదార్థాన్ని పట్టుకున్నారు. అతి కొద్ది మోతాదులోనే అది స్ట్రైగా గింజను నిద్ర లేపుతుంది. దానికి స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, స్ట్రైగా పత్తి మీద బతకలేదు. పత్తి వేరు వాసన తగిలి గింజ మొలుస్తుంది గానీ, గొట్టం దింపే వీలు లేక ఎండిపోతుంది.

అయితే పైరు తన దొంగను తానే ఎందుకు పిలుస్తుంది? ఇది చాలా ఏళ్లు తేలలేదు. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు గుట్టు విప్పారు. వేరు ఆ వాసన వదిలేది మల్లె కోసం కాదు. నేలలో ఉండే ఒక రకం మంచి శిలీంధ్రాన్ని పిలవడానికి. ఆ శిలీంధ్రం వేరుతో పొత్తు కట్టి నేలలోని భాస్వరం తెచ్చి ఇస్తుంది, బదులుగా పైరు దగ్గర చక్కెర తీసుకుంటుంది. వాన్ బెనెడన్ చెప్పిన మొదటి రకం అది. పైరు స్నేహితుణ్ణి కేకేస్తే, ఆ కేక విని దొంగ ముందుగా లేచి వచ్చాడు. ఇందాక ఆతిథేయి అన్న మాటను చూసి నవ్వుకున్నాను గానీ, ఇది తెలిశాక ఆ మాట అంత తప్పేం కాదనిపించింది. పిలుపు నిజంగానే వెళ్లింది, కాకపోతే వచ్చినవాడు వేరు.

దీంట్లో రైతుకు పనికొచ్చే సూత్రాలు రెండున్నాయి. భాస్వరం, నత్రజని తక్కువైన నేలలో వేరు ఎక్కువ గట్టిగా కేకలు పెడుతుంది. చవుడుబారిన, ఎరువెరుగని చేలల్లో జొన్న మల్లె విజృంభించేది అందుకే. పశువుల ఎరువు, సరైన మోతాదు ఎరువులు వేసిన చోట దాని ఉధృతి తగ్గుతుంది. రెండోది, దొంగకు ఉత్తుత్తి పిలుపు పంపడం. జొన్న వేసిన చేలో మరుసటి ఏడు పత్తి, వేరుశనగ వంటివి వేస్తే నిద్రలో ఉన్న గింజలు కొన్ని లేచి తిండి లేక పోతాయి. పొగాకు చేలల్లో కూడా ఇదే కిటుకు. ముందు వానకాలంలో జొన్న, నువ్వు, మినుము, పెసర వంటివి ఎర పైరుగా వేస్తే పొగాకు మల్లె గింజలు వృథాగా మొలిచి పోతాయి. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థగా మొదలైన సంస్థ రైతులకు చెబుతూ వచ్చిన పద్ధతి ఇది.

అమెరికాలో 1956లో కరోలినా రాష్ట్రాల మొక్కజొన్న చేలల్లో స్ట్రైగా బయటపడితే, అక్కడ ప్రభుత్వమే రంగంలోకి దిగింది. నాలుగు లక్షల ఎకరాలకు పైగా సోకిన నేలలో ఇథిలీన్ వాయువు ఎక్కించి, పైరు లేకుండానే గింజల్ని మొలిపించి చంపారు. దశాబ్దాలు పట్టింది, కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. మనకు అంత సొమ్ము లేదు, ఎర పైరు ఉంది. ఆఫ్రికాలో ఈ జాతి మల్లె జొన్న రైతుల కడుపు కొడుతుంటే, దాన్ని తట్టుకునే జొన్న రకాలు తయారుచేసిన ఇథియోపియా శాస్త్రవేత్త గెబిసా ఎజెటాకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. ఆయన జొన్నల్లో కొన్నింటి రహస్యం కూడా ఇదే, వాటి వేళ్లు కేక చాలా మెల్లగా పెడతాయి.

ఇక పీకడం సంగతి. మల్లె మొలక నేల పైకి కనిపించేసరికే లోపల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు పీకి ఏం లాభం అని కొందరు వదిలేస్తారు. ఈ ఏటి పైరు కోసం కాదు, వచ్చే పదేళ్ల కోసం పీకాలి. పువ్వు విచ్చక ముందే, నేల లోపలి నుంచి తీయాలి. పైపైన తుంచితే మళ్లీ లేస్తుంది. పీకింది గట్టు మీద పడేయడం మన వాళ్లు చేసే పెద్ద పొరపాటు. కాయ పట్టిన మొక్క గట్టు మీద పడి కూడా గింజను పక్వం చేసుకుంటుంది. పోగుచేసి తగలబెట్టాలి. పశువులకు వేయకూడదు, గింజ పేడలో చెక్కుచెదరకుండా మళ్లీ చేలోకే వస్తుంది. ఒక్క రైతు పీకి నలుగురు వదిలేస్తే ఆ ఒక్కడి కూలి డబ్బులు దండగ. ఊరంతా ఒకేసారి కదలాల్సిన పని ఇది.

సీతమ్మ పోగులు, బదనికలు

కృష్ణా డెల్టాలో వరి కోసిన తర్వాత వేసే మినుము, పెసర చేలల్లో పచ్చటి పసుపు దారాలు అల్లుకుని కనిపిస్తాయి. బంగారు తీగ. పెద్దవాళ్లు ఈ జాతి తీగను సీతమ్మ పోగునూలు అని కూడా అంటారు. పేరు ఎంత ముచ్చటగా ఉందో చూశారా! మనవాళ్లకు దొంగలకు మంచి పేర్లు పెట్టడం అలవాటులా ఉంది. దీనికి వేరు మొదట్లో మాత్రమే ఉంటుంది. పైరును పట్టుకోగానే వేరు ఎండిపోయి, కాండం నుంచే గొట్టాలు దింపుతుంది. తుంపి పారేస్తే తుంపిన ముక్కే మళ్లీ అల్లుకుంటుంది. కనిపించిన చోట పైరుతో సహా కోసి, పూత రాకముందే కాల్చేయాలి.

2006లో అమెరికాలో చేసిన ఒక పరిశోధనలో ఈ తీగ మొలకకు పక్కన ఏ మొక్క ఉందో వాసన తెలుస్తుందని తేలింది. టమాటా వైపు వంగింది, గోధుమ అంటే అంత ఇష్టపడలేదు. గడ్డి జాతి పైర్లు దీనికి పెద్దగా గిట్టవు. కాబట్టి బాగా సోకిన చేలో ఒకటి రెండేళ్లు మినుము మాని మొక్కజొన్న, జొన్న వేయడం మంచి మార్గం. వరి కోసిన వెంటనే పెండిమిథాలిన్ ఇసుకలో కలిపి చల్లే పద్ధతి కూడా ఉంది. మోతాదు మాత్రం మీ నేలను బట్టి ఏవో గారినో శాస్త్రవేత్తనో అడిగి తెలుసుకోండి. అన్నిటికంటే ముఖ్యం విత్తనం. ఈ తీగ ఎక్కువగా చేరేది మనం కొన్న విత్తనంతోనే. దీని గింజ మినుము కంటే చిన్నది, జల్లెడ పడితే దిగిపోతుంది.

మామిడి తోటల్లో బదనిక ఇంకో తీరు. దీని పండు తిన్న పిట్ట, జిగురు గింజను ముక్కుకో తోకకిందో అంటుకుంటే కొమ్మకు రాస్తుంది. గింజ అక్కడే మొలుస్తుంది. కొంకణం తోటల్లో ఈ పిట్టల పనిని పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ 1931లోనే వివరంగా రాశారు. పిట్టను తిట్టి లాభం లేదు. బదనిక పట్టిన చోటుకు కొంచెం కిందగా కొమ్మ కోసేయాలి, అదీ పండు రాకముందు.

ఇక్కడే ఒక అమాయకురాలి సంగతి చెప్పాలి. చెట్టు కొమ్మల మీద వేళ్లు వేలాడేసుకుని ఉండే వాండా అనే ఆర్కిడ్ మొక్కను కూడా చాలాచోట్ల బదనిక అనే అంటారు. అది చెట్టు మీద కూర్చుంటుంది గానీ చెట్టు అన్నం ముట్టదు. వానలో, మంచులో దొరికింది తాగి బతుకుతుంది. దాన్ని కూడా బదనికతో పాటు నరికేస్తారు. ఇల్లు అద్దెకు తీసుకున్నవాడికీ ఇల్లు దోచినవాడికీ తేడా చూడవద్దా!

చంపే పరాన్నజీవి

మళ్లీ రావిచెట్టు కిందికి వద్దాం. ట్రైకోగ్రామా అనేది అర మిల్లీమీటరు ఉండే కందిరీగ జాతి పురుగు. దీని పని ఒకటే. ఇతర పురుగుల గుడ్లను వెతికి, ఆ గుడ్డులో తన గుడ్డు పెట్టడం. దాని పిల్ల లోపల ఉన్న సొనంతా తిని, పెద్దదై బయటికొస్తుంది. కాండం తొలిచే పురుగు గుడ్డులోంచి గొంగళి రాదు, ఇంకో ట్రైకోగ్రామా వస్తుంది. పైరును కొరికే దశ రాకముందే పని ముగుస్తుంది.

ఇది పరాన్నజీవే. కానీ గేదె కడుపులో జలగకూ దీనికీ ఒక తేడా ఉంది. జలగకు గేదె బతికి ఉండాలి. గేదె చస్తే దాని కూడు పోయినట్టే. అసలైన పరాన్నజీవి ఆతిథేయిని పీలుస్తుంది గానీ వెంటనే చంపదు. ట్రైకోగ్రామా మాత్రం తప్పకుండా చంపుతుంది. ఈ తేడా గమనించిన ఫిన్లాండ్ కీటక శాస్త్రవేత్త రాయిటర్, 1913లో ఇలాంటి వాటికి 'పారసైటాయిడ్' అని వేరే పేరు పెట్టాడు. పరాన్నజీవి వంటిది అని అర్థం. ఇంగ్లీషులో అలా రెండు మాటలయ్యాయి. మన పల్లెల్లో మాత్రం అధికారులు రెండింటినీ పరాన్నజీవి అనే అంటున్నారు. పెద్దాయన తికమకకు కారణం అదే. నన్నడిగితే, కొత్త మాట వెతకనవసరం లేదు. పరాన్నజీవి అని చెప్పిన ప్రతిసారీ దేని మీద పరాన్నజీవో కూడా కలిపి చెబితే చాలు. గేదె మీద పరాన్నజీవి, పొగాకు మీద పరాన్నజీవి, పురుగు గుడ్డు మీద పరాన్నజీవి. మన మాటలో ఉన్న 'పర' అనే రెండక్షరాలు అడగమంటున్నది ఆ ప్రశ్నే.

ఈ పద్ధతి ఉత్త మాట కాదని తమిళనాడులో రుజువైంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి బయటపడింది. బొప్పాయితో ఆగక మల్బరీ, కర్రపెండలం తోటల మీద కూడా పడింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు, మైనపు పొడి కింద దాక్కుంది. 2010లో బెంగళూరులోని జాతీయ సంస్థ శాస్త్రవేత్తలు దాని మీద బతికే చిన్న కందిరీగ జాతిని ప్యూర్టోరికో నుంచి తెప్పించి, పెంచి వదిలారు. తర్వాత పిండినల్లి తగ్గుముఖం పట్టింది. మందు డబ్బా చేయలేని పని కంటికి సరిగా ఆనని పురుగు చేసింది.

వరిలో ట్రైకోగ్రామాను ఎకరాకు 20 వేల చొప్పున వారం వ్యవధితో కొన్ని దఫాలు వదలమంటారు. కార్డు మీద అంటించి ఉండేవి బియ్యంలో పెరిగే పురుగు గుడ్లు, వాటి లోపల ట్రైకోగ్రామా ఉంటుంది. కొనేటప్పుడు గుడ్లు నల్లగా ఉన్నాయో లేదో చూడండి. నల్లబడితే పరాన్నజీవి లోపల ఉన్నట్టు. తెల్లగానే ఉంటే మీరు కొన్నది ఉత్త గుడ్ల అట్ట. కార్డు మీద రాసిన తేదీకల్లా కట్టేయాలి, లేకపోతే ఇంట్లోనే బయటికొచ్చి ఎగిరిపోతాయి. చల్లటి వేళలో ముక్కలుగా కత్తిరించి, ఆకు అడుగు వైపున ఎండా వానా తగలకుండా కుట్టాలి.

చేలో ఇప్పటికే ఉన్న సైన్యాన్ని కూడా మరవద్దు. నారుమడిలో ఆకు కొనల మీద గోధుమ రంగు నూగుతో ఉండే గుడ్ల కుప్పల్ని ఏరి పాతిపెట్టడం మన అలవాటు. వాటిలో చాలా గుడ్లలో పరాన్నజీవులు ఉండే అవకాశం ఉంది. పాతిపెట్టకుండా వెదురు బుట్ట లాంటి దాంట్లో వేసి చేలోనే కర్రకు వేలాడదీస్తే, మిత్రులు ఎగిరి చేలోకి పోతారు, గొంగళ్లు లోపలే ఉండిపోతాయి.

ఆ రోజు సమావేశం అయ్యాక పెద్దాయన ఏవో గారి చేతిలో కార్డు తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. నల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి.

"అయితే ఇది తినేది మన వరి అన్నం కాదు, ఆ పురుగు గుడ్డన్నమాట" అన్నాడు.

"అంతే బాబాయి గారూ. గుడ్డు దాటి ఇంకేమీ తినలేదు."

"మరి పక్క చేనువాడు మందు కొడితేనో?"

ఏవో గారు కాసేపు ఆలోచించి, వాళ్లకూ ఒక మాట చెప్పి కార్డులు కట్టే రోజు ఒకటే పెట్టుకోమన్నారు. ముందూ వెనకా కనీసం వారం రోజులు ఎవరూ మందు డబ్బా ఎత్తకూడదన్నారు. పెద్దాయన కార్డుని తువ్వాలు చెంగున ముడివేయబోతే, "అలా మూట కట్టకండి, నలిగిపోతాయి" అని ఏవో గారే ఒక ఖాళీ అగ్గిపెట్టె ఇచ్చారు.